అద్దానికి ఇస్తారు, అద్దం వెనక బ్యాగుకి ఇవ్వరు

(విజయవాడలో ఒక వాకర్స్ క్లబ్ నెలవారీ సమావేశంలో రిటైరైన మోటార్ సర్వేయర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందాండీ? సరే. పెసరట్లు వేడిగా ఉండగానే ముగించాలని సెక్రటరీ గారు షరతు పెట్టారు. ఇరవై తొమ్మిదేళ్లు షరతులు చదివి బతికినవాణ్ణి, ఇది నాకో లెక్క కాదు.

నేను డాక్టర్ని కాదు కాబట్టి మీ షుగరు జోలికి రాను. సర్వేయర్నంటే పొలం కొలిచే సర్వేయర్ననుకునేరు. గుద్దేసిన కార్లూ, కాలిపోయిన లారీలూ, వరదలో మునిగిన బళ్లూ చూసి, నష్టం ఇంత అని ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిచ్చేవాణ్ణి. పోయిన నెల మన క్లబ్బులోనే ఒకాయన కారులో బ్యాగు పోగొట్టుకున్నారు. పేరు చెప్పొద్దన్నారు, కానీ మీరంతా అప్పుడే ఆయన వైపు తిరిగారు. (నవ్వులు) పాపం ఆయన నన్ను అడిగిన మాట ఒక్కటే: "నేను ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాను కదండీ?"

ఈ "ఫుల్" అనే మాట ఎవడు పుట్టించాడో గానీ, మా వృత్తిలో సగం తగాదాలకి అదే మూలం.

ఒక పెళ్లి సంగతి చెబుతాను. 2018 శ్రావణమాసం. గన్నవరం దాటాక హైవే పక్కన కల్యాణ మండపం. పెళ్లికూతురి తండ్రి స్విఫ్ట్ కారు గేటు బయట పెట్టుకుని లోపలికెళ్లాడు. వెనక సీట్లో బ్యాగు. రెండు పట్టు చీరలు, ఒక కెమెరా, ఆడపడుచు లాంఛనాల కోసం తెచ్చిన నలభై వేలు, నాలుగు కాసుల గొలుసు. జీలకర్ర బెల్లం అయ్యాక గొలుసు కోసం మనిషిని పంపిస్తే, కారు వెనక ఎడమ తలుపుకి అద్దం లేదు.

మర్నాడు షెడ్డులో నేను ఆ కారు చూశాను. తలుపు అద్దం పగిలితే ఎలా ఉంటుందో మీలో చూసినవాళ్లు ఉంటారు. ముందుండే పెద్ద అద్దంలో రెండు గాజు పలకల మధ్య పల్చటి పొర ఉంటుంది, అది పగిలినా సాలెగూడులా పట్టుకుని నిలబడుతుంది. పక్క అద్దాలు అలా కాదు, టఫెన్డ్ గాజు. గట్టి కొనతో ఒక చిన్న దెబ్బ చాలు, మొత్తం ఒక్కసారిగా రాలిపోతుంది. సీటు నిండా పటికబెల్లం పలుకులు పోసినట్టుంది. ఆ పలుకుల మధ్య బ్యాగు పెట్టిన చోట మాత్రం చాపంత జాగా ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఫోటో తీశాను. దొంగ అద్దం కొట్టాక బ్యాగు తీశాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సాక్ష్యం ఉంది, నిజాయతీ ఉంది. నా రిపోర్టులో ఏం రాశానో వినండి. అద్దం 2,600. బిగింపు కూలి 600. రబ్బరు బీడింగు 200, రబ్బరుకి సగం తరుగుదల కాబట్టి 100. గాజుకి తరుగుదల ఉండదు, అది గుర్తుపెట్టుకోండి, పాత కారైనా అద్దం ధర పూర్తిగా లెక్కలోకి వస్తుంది. మొత్తం 3,300. అందులో కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిములో మన జేబులోంచి తప్పనిసరిగా పోయేది, 1500 సీసీ లోపు కారుకి వెయ్యి. చేతికి 2,300. బ్యాగుకి సున్నా.

ఆ పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, కోపం కూడా లేదు ఆయనకి, "అద్దానికి ఇచ్చి అద్దం వెనక దానికి ఇవ్వరా బాబూ" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ గొంతు వినపడుతుంది.

ఎందుకివ్వరంటే, కారు పాలసీలో మొదటి భాగం తీసి చూడండి. అగ్గి, పిడుగు, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుపాను, కొండచరియలు, ఉగ్రవాదం, ఇంత పొడుగు జాబితా ఉంటుంది. అది చూసే మనం మురిసిపోతాం. కానీ జాబితాకి ముందొక ముక్క ఉంటుంది: వాహనానికీ, వాహనం మీద ఉన్న యాక్సెసరీలకీ జరిగిన నష్టం. అంతే. దొంగతనం కవరయ్యేది కారుకి. కారులో కూర్చున్నదానికి కాదు. మీ బ్యాగు ఆ కారులో టిక్కెట్టు లేని ప్రయాణికుడు.

ఇక థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకి ఆ అద్దం డబ్బులూ రావు. చట్టం తప్పనిసరి చేసింది దాన్నే, మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్. అది మనం గుద్దినవాడి కోసం కట్టేది, మన కోసం కాదు.

ఇంకో మాట ఉంది, బంపర్ టు బంపర్. "బంపర్ టు బంపర్ తీసుకున్నానండీ, అన్నీ వస్తాయి" అంటారు. ఏవండీ, దాని అర్థం ప్లాస్టిక్కుకీ, రబ్బరుకీ తరుగుదల కోయకుండా ఇస్తారని. అంతేగానీ రెండు బంపర్ల మధ్య ఏముంటే దానికి ఇస్తారని కాదు! (నవ్వులు)

యాక్సెసరీల సంగతి కొంచెం చెప్పాలి, మనవాళ్లు నష్టపోయేది ఎక్కువ ఇక్కడే. కంపెనీ బిగించి ఇచ్చిన మ్యూజిక్ సిస్టం పోతే వస్తుంది. స్టెప్నీ పోతే వస్తుంది, అది కారులో భాగం. కానీ కారు కొన్నాక మనం బయట షాపులో పెద్ద స్క్రీన్ పెట్టిస్తాం, ఆంప్లిఫయర్ పెట్టిస్తాం, ఈ మధ్య అందరూ డ్యాష్‌క్యామ్ పెట్టిస్తున్నారు. వాటి విలువ పాలసీలో విడిగా రాయించి, ఆ విలువ మీద అదనపు ప్రీమియం కట్టాలి. పాత టారిఫ్‌లో అది 4 శాతం. పాతిక వేల స్క్రీన్‌కి వెయ్యి రూపాయలన్నమాట. అది కట్టకుండా పాతిక వేలు పోగొట్టుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో. స్కూటర్లకైతే ఇంకా కఠినం, బండి మొత్తం పోతేనే యాక్సెసరీలకి డబ్బు. బండి ఉండి సైడు బాక్సు ఒక్కటే పోతే ఏమీ రాదు.

ఆ పెళ్లిపెద్ద కథ ఇంకా అవలేదు. ఆయనకి అయిదేళ్లుగా క్లెయిము లేదు. క్లెయిము లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, దాని నిచ్చెన తెలుసుగా, 20, 25, 35, 45, చివరికి 50 శాతం. ఆయన పైమెట్టు మీద ఉన్నాడు. ఓన్ డ్యామేజి, అంటే మన కారు నష్టం కోసం కట్టే ప్రీమియంలో ఏటా నాలుగున్నర వేలు తగ్గింపు వస్తోంది. 2,300 తీసుకున్నందుకు మరుసటి ఏడు ఆ నాలుగున్నర వేలూ పోయి, మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కడం మొదలు. నేను కంపెనీ తరఫు మనిషిని, "క్లెయిము చెయ్యకండి" అని చెప్పడం నా పని కాదు. అయినా చెప్పాను. అప్పటికే కాగితాలు వెళ్లిపోయాయి. ఏజెంటు చెప్పాల్సిన మాట అది. పాలసీ అమ్మేరోజు ఏజెంటుకి ఉండే నోరు క్లెయిము రోజున ఎక్కడికి పోతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

(సభలోంచి: మరి బ్యాగులకి అసలు ఇన్సూరెన్సే లేదా అండీ?)

ఉందండీ. కారు పాలసీకే తోకలాగ అమ్ముతారు, లాస్ ఆఫ్ పర్సనల్ బిలాంగింగ్స్ అని యాడ్-ఆన్. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అడిగితేనే చెబుతారు. తీసుకునేముందు మూడు పంక్తులు చదవండి. ఒకటి, పరిమితి ఎంత. రెండు, ఏవి కావు. డబ్బు, బంగారం, చెక్కులు, దస్తావేజులు దాదాపు ఎవరూ కవర్ చెయ్యరు. లాప్‌టాపు, ఫోను ఒక కంపెనీ ఇస్తానంటుంది, ఇంకో కంపెనీ ఇవ్వనంటుంది, అది కంపెనీకో తీరు. అంటే ఆ పెళ్లి బ్యాగు ఈ తోక ఉన్నా చీరలకీ, బహుశా కెమెరాకీ వచ్చేది. గొలుసుకి రాదు, నలభై వేలకి రాదు. మూడో పంక్తి అసలైనది: కారు తాళం వేసి ఉండాలి, అద్దాలు ఎత్తి ఉండాలి, బలవంతంగా తెరిచిన గుర్తు కనపడాలి.

ఈ మూడోదాని మీద కాస్త నిలబడతాను.

మనకి మాటల్లో దొంగతనం అంటే దొంగతనమే. ఇన్సూరెన్సులో రెండు రకాలు. ఊరికే ఎత్తుకుపోవడం ఒకటి, పగలగొట్టి ఎత్తుకుపోవడం ఇంకొకటి. 2004లో సుప్రీంకోర్టు హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో తేల్చిందిదే. ఒక వ్యాపారి సరుకు పోయింది. పోయిన మాట నిజం. కానీ పాలసీలో రాసుకున్నది బలప్రయోగంతో చొరబడి చేసిన దొంగతనం గురించి. బలప్రయోగం లేదు కాబట్టి డబ్బు లేదు అన్నారు. రాసుకున్న మాటే చెల్లుతుంది, మనం అనుకున్న మాట కాదు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగేది చూడండి. రిజిస్ట్రేషన్ ఉందని బ్యాంకులో డబ్బు తీస్తారు. దొంగలు బ్యాంకు దగ్గర్నుంచే వెంటపడతారు. సిగ్నల్ దగ్గర ఒకడు కిటికీ కొట్టి, "సార్, మీ డబ్బులు కింద పడ్డాయి" అంటాడు. చూస్తే నిజంగానే రోడ్డు మీద నాలుగు పది రూపాయల నోట్లు. లేదా "ఇంజన్ కింద ఆయిల్ కారుతోంది సార్" అంటాడు. లేదా "టైరు పంచరు". మీరు దిగుతారు, వంగుతారు. అవతలి తలుపు తీసుకుని రెండోవాడు బ్యాగుతో పోతాడు. పేపర్లో "దృష్టి మరల్చి చోరీ" అని వేస్తారే, అది. అద్దం పగల్లేదు, తాళం విరగలేదు, గీత కూడా పడలేదు. లక్షలు పోగొట్టుకున్నవాడికి, ఆ యాడ్-ఆన్ ఉన్నా, చాలాసార్లు అద్దం పగిలినవాడికొచ్చే రెండువేల మూడొందలు కూడా రావు. దొంగకి తెలుసో తెలీదో గానీ, వాడు మన పాలసీ చదివినట్టే పని చేస్తాడు.

అందుకని కంప్లైంటు రాసేటప్పుడు జాగ్రత్త. స్టేషన్లో "ఎందుకండీ గొడవ, మిస్సింగ్ అని రాసివ్వండి, సర్టిఫికెట్ ఇచ్చేస్తాం, డూప్లికేట్ ఆర్‌సీ తెచ్చుకోవచ్చు" అంటారు. మనకీ ప్రాణం విసిగి ఉంటుంది, సరే అంటాం. ఆ ఒక్క మాటతో క్లెయిము పోయినట్టే. మిస్సింగ్ అంటే మీరు పారేసుకున్నారని. చోరీ అంటే ఇంకొకడు చేశాడని. జరిగింది చోరీ అయితే చోరీ అనే రాయండి. ఏ తలుపు అద్దం పగిలిందో రాయండి. బ్యాగు పోయింది అని ఊరుకోకుండా, అందులో ఏమున్నాయో, ఏ కంపెనీవో, ఎప్పుడు కొన్నవో రాయండి. వారం తర్వాత గుర్తొచ్చిన కెమెరాని ఎవరూ నమ్మరు, నేనూ నమ్మేవాణ్ణి కాదు.

2024 జూలై 1 నుంచి చట్టాలు మారాయి. దొంగతనానికి పాత ఐపీసీ 379 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 303(2). మనుషుల్నో సరుకుల్నో మోసే వాహనంలోంచి వస్తువు దొంగిలించడాన్ని 305లో విడిగా పెట్టారు, ఏడేళ్ల దాకా శిక్ష. ఎఫ్‌ఐఆర్‌కి నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్. మా పరిధి కాదు అని తిప్పి పంపడానికి లేదు. ఫోను ద్వారానో ఆన్‌లైన్లోనో ఫిర్యాదు పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టినా చెల్లుతుంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాయొచ్చు. బ్యాగులో ఫోనుంటే, ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు బ్లాక్ చేయించండి. ఫోను పెట్టె మీద ఉంటుంది ఆ నంబరు. పెట్టె పారేస్తాం మనం, అదీ బాధ.

ఆలస్యమైందని కంపెనీ తిప్పి పంపితే వెంటనే నీరుగారిపోకండి. బళ్లు పోయిన కేసుల్లో, పోలీసులకి వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి చెప్పడంలో జాప్యమైందన్న ఒక్క సాకుతో క్లెయిము కొట్టెయ్యడానికి వీల్లేదని 2020లో గురుషిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

(ఒక మహిళ: మా అమ్మాయి వాళ్లది అమెరికాలో కూడా ఇలాగే కారు అద్దం పగలగొట్టారండీ. అక్కడ డబ్బులొచ్చాయి. ఇక్కడెందుకు రావు?)

మంచి ప్రశ్న వేశారమ్మా. నాకూ అనుభవమే. 2019లో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాం. శాన్ ఫ్రాన్సిస్కో చూపిస్తానని తీసుకెళ్లింది. పెద్ద వంతెన చూసి గంటలో వెనక్కొచ్చాం. మన గన్నవరమే! అదే పటికబెల్లం, అదే ఖాళీ జాగా. నాకు నవ్వొచ్చింది, మా ఆవిడకి ఏడుపొచ్చింది. ఆ ఊళ్లో ఇది ఎంత మామూలంటే, పోలీసులు రాను కూడా రాలేదు, రిపోర్టు ఆన్‌లైన్లోనే.

అక్కడా కారు ఇన్సూరెన్సు బ్యాగుకి ఇవ్వదు. అద్దానికే. డబ్బొచ్చింది ఇంటి ఇన్సూరెన్సు నుంచి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు రెంటర్స్ ఇన్సూరెన్స్ అని తీసుకుంటారు, చాలా అపార్టుమెంట్లలో అది లేకపోతే తాళాలే ఇవ్వరు. ఆ పాలసీలో మన సామాను ఎక్కడున్నా మన సామానే, ఇంట్లో ఉన్నా, కారులో ఉన్నా, వేరే దేశంలో ఉన్నా. ఇక్కడ ఇంటి పాలసీ ఇంటి గోడలకి కట్టేసి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష చూడండి. అది ప్రధానంగా అగ్నిప్రమాదాలకీ ప్రకృతి విపత్తులకీ. మామూలు దొంగతనం కావాలంటే విడిగా కొనాలి. మీ లాప్‌టాపు గుమ్మం దాటితే, ఊరంతా కవరయ్యేలా ఆల్ రిస్క్ అని ఇంకో పాలసీ కావాలి. బంగారానికీ అదే దారి. అందులో కూడా మనిషి లేని వాహనంలో వదిలేస్తే ఇవ్వం అన్న పంక్తి ఉంటుంది, వెతకండి.

అక్కడా అంత పాయసమేం కాదు. మొదటి 500 డాలర్లు మనమే భరించాలి. దొంగిలించిన నగలకి మామూలు పాలసీలో పరిమితి 1,500 డాలర్లు, నగదుకి 200. మన ఆడవాళ్లు పెళ్లికని వెళ్లి నెక్లెసు కారులో పెడితే 1,500 డాలర్లకి ఏమొస్తుందో మీరే లెక్కేసుకోండి. మా అమ్మాయి లాప్‌టాపుకి మాత్రం డబ్బొచ్చింది. నా బ్యాగుకి రాలేదు. ఎందుకంటే నేను ఆ ఇంటి మనిషిని కాదట, అతిథినట! అల్లుడు ఆ ఉత్తరం పైకి చదువుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. జీవితమంతా ఇలాంటి ఉత్తరాలు రాసినవాణ్ణి కదా.

(ఒక సభ్యుడు: ఆఫీసు లాప్‌టాపు పోతే?)

అది మీది కాదు, ఆఫీసుది. వాళ్లకి ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ ఉండొచ్చు. మీ అబ్బాయికి చెప్పండి, ముందు ఆఫీసుకి ఫోను, తర్వాతే స్టేషను. అందులో ఉన్న డేటా ముందు యంత్రం ధర చిల్లర. కొట్టు ఉన్నవాళ్లకి కూడా ఒక మాట: బ్యాంకులో వేద్దామని తీసుకెళ్లే డబ్బుకి మనీ ఇన్సూరెన్సు ఉంటుంది. కాఫీకని ఆగి కారులో వదిలారా, దానికి ఇవ్వరు.

ఇక కంపెనీతో తగువు పడితే. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు. నెల చూడండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇలాంటి తగువులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకీ, యానాంకీ కలిపి హైదరాబాద్‌లో ఆఫీసు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు రానివ్వరు. 50 లక్షల దాకా తీర్పివ్వగలరు. ఏడాదిలోపు వెళ్లాలి. రెండు వేల అద్దానికి వెళ్లమని చెప్పను గానీ, యాడ్-ఆన్ కొని, ఎఫ్‌ఐఆర్ సరిగ్గా రాయించి, బిల్లులు చూపించినా కాదంటే మాత్రం తప్పకుండా వెళ్లండి. ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అయినా నా సర్వీసులో నా చేతికి తెలుగు పాలసీ ఒక్కటి రాలేదు. అది వేరే ఉపన్యాసం.

(ఇంకొకరు: హోటల్లో తాళాలు తీసుకుని వాళ్లే పార్కు చేస్తారు కదండీ, వాలే. అప్పుడు పోతే ఎవరిది బాధ్యత?)

కారు పోతే వాళ్లది. చీటీ వెనక "ఓనర్స్ రిస్క్" అని అచ్చేస్తారు, దానికి భయపడకండి. ఢిల్లీలో తాజ్ మహల్ హోటల్ కేసని ఉంది. ఒకాయన 1998లో రాత్రి పదకొండింటికి హోటలుకెళ్లి, కారు వాలేకి ఇచ్చాడు. ఒంటిగంటకి వచ్చేసరికి ఇంకెవరో దాన్ని నడుపుకుంటూ పోయారన్నారు. ఇన్సూరెన్సు కంపెనీ ఆయనకి 2,80,000 ఇచ్చి, ఆ డబ్బు కోసం హోటలు మీద కేసేసింది. తాళం చేతికి తీసుకున్నాక జాగ్రత్తగా అప్పగించే బాధ్యత హోటలుదే, నిర్లక్ష్యం చేసి చీటీ చూపిస్తే కుదరదని సుప్రీంకోర్టు అంది. బ్యాగు సంగతి అంత సులువు కాదు. బ్యాగు లోపలుందని మీరెలా రుజువు చేస్తారు? తాళం ఇచ్చేముందు చెప్పాలి, లేదా తీసుకుని దిగాలి.

ఆ కారు మారుతీ జెన్. తీర్పు వచ్చింది 2019 నవంబరులో. అప్పటికి జెన్ తయారీయే ఆగిపోయి చాలా ఏళ్లయింది. సెక్రటరీ గారూ, పెసరట్లు?